వింటున్నవారు ఒకరు

ఆ కాలేజీ రేడియోని పొద్దున పూట కాస్త జనం వినేవాళ్లు. మధ్యాహ్నం తిరిగేసరికి ఒక్కడే మిగిలేవాడు. వాడెవడో ఎవరికీ తెలియదు. పిల్లలు వాడికి "మన ఒక్కడు" అని పేరు పెట్టేశారు.

రేడియో గది మెట్ల కింద ఉంది. ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసే కొట్టు అది. దుమ్ము దులిపి, గోడలకు మెత్తలు కొట్టి, బరువైన తలుపు బిగించి స్టూడియో అన్నారు. తలుపు మూస్తే బయట పిడుగు పడినా లోపల తెలియదు. లోపల గొంతు చించుకున్నా బయటికి పొక్కదు. ఒక బల్ల, బల్ల మీద మైకు, మైకు పక్కన మీటల పెట్టె, దాని పక్కన కంప్యూటరు, నెత్తిన ఒక పాత ఫ్యాను. ఇంతే సామాను.

ఈ సామానుకంతా యజమాని రేడియో మాస్టారు. ఆయన అసలు ఉద్యోగం పిల్లలకు భాష చెప్పడం. ఆ సంగతి ఆయనకే సరిగా గుర్తుండేది కాదు. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే రేడియో మాట ఎత్తుకునేవాడు. చెప్పేవాళ్లు చెప్పీ చెప్పీ విసిగి ఊరుకున్నారు. ఒంటరిగానే నెత్తి నెరిసింది.

ఇదివరకు ఆ రేడియో గేటు దాటేది కాదు. వరండాల్లో పెట్టెలుండేవి, వాటిలో మోగేది. ఈ ఏడాది దాన్ని ఆన్‌లైనులో పెట్టారు. ఫోను ఉన్నవాడు ఎక్కడున్నా వినొచ్చు. మాస్టారికి కాలు నేల మీద నిలవలేదు. కనపడిన ప్రతివాడి ఫోనూ లాక్కుని ఆ పేజీ ఎలా తెరవాలో చూపించేవాడు. పాలు పోసేవాడికి కూడా చూపించాడు. వాడు మర్నాటినుంచి పాలు గుమ్మంలో పెట్టి పారిపోయేవాడు.

లైను ఇచ్చిన కంపెనీవాళ్లు ఒక్క షరతు పెట్టారు. చప్పుడు లేకుండా కాసేపు ఉంటే, రేడియో మూసేశారనుకుని మిషను దానంతటదే లైను తెంపేస్తుంది. మళ్లీ కలపాలంటే వాళ్లకు ఫోను చేయాలి, వాళ్లు ఎత్తాలి, ఎత్తినవాడికి విషయం తెలిసుండాలి. మొదట్లో అలా కొన్ని సార్లు పొద్దుటి వార్తలు గాలికి పోయాయి. పాటలు వేసి నింపుదామంటే పాటలకు అనుమతి లేదు. అప్పుడు మాస్టారు ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్రోగ్రాములయ్యాక మైకు పూర్తిగా కట్టేయకుండా, మీటను వేలి మందాన పైకి ఉంచడం. ఫ్యాను కిర్రుమనే చప్పుడు సన్నగా లైనులోకి పోతూ ఉంటుంది. మిషను అది విని, ఎవరో ఉన్నారులే అనుకుని ఊరుకుంటుంది. పిల్లలు దీనికి ఊపిరి పెట్టడం అని పేరు పెట్టారు. ఇళ్లకు పోయేముందు, "ఊపిరి పెట్టారా?" అని మాస్టారు అడగాలి, "పెట్టాం మాస్టారూ" అని వాళ్లు అరవాలి. అది ఆ గది ఆచారం అయిపోయింది.

పేజీ అడుగున "వింటున్నవారు" అని ఒక అంకె కనపడుతుంది. రేడియోవాళ్లకే కాదు, వినేవాళ్లకూ కనపడుతుంది. దాని కింద ఎవరైనా మాట రాయాలంటే రాసుకునే చోటు ఉంది. పొద్దున వార్తలప్పుడు ఆ అంకె బాగానే లేస్తుంది. పిల్లల అమ్మానాన్నలు, అత్తలు, పిన్నులు వింటారు. వార్తలయ్యాక వాళ్లంతా ఎవరి పనికి వాళ్లు పోతారు. ఒకటి మాత్రం మిగులుతుంది. ఊపిరి పెట్టాక కూడా మిగులుతుంది.

"మాస్టారూ, మన ఒక్కడు ఇంకా ఉన్నాడు చూడండి" అనేది వార్తలు చదివే అమ్మాయి. "ఫ్యాను కచేరీ వింటున్నాడు."

"వినేవాణ్ని వెక్కిరించకూడదమ్మా."

"నిద్రపోయుంటాడు మాస్టారూ, ఫోను చెవి కింద పెట్టుకుని."

"నిద్రపోతే మాత్రం ఏం? మన రేడియో పెట్టుకునే కదా పోయాడు."

"అవున్లెండి. మీ క్లాసులో మేమూ అంతేగా."

మాస్టారు చాక్పీసు ముక్క విసిరేవాడు. అమ్మాయి తలుపు దాటిపోయేది. ఆయన ఆ అంకెను చూసి లోలోపల మురిసిపోయేవాడు. అంతా లేచిపోయినా లేవని మనిషి ఒకడున్నాడంటే ఎవరికి మాత్రం సంతోషం కాదు?

మాస్టారికి ఒక్కతే చెల్లెలు. ఆమెను అమ్ములూ అనే పిలిచేవాడు. ఆమె మొగుడు లారీల మెకానిక్. చెయ్యి మంచిదని, చెవి అంతకన్నా మంచిదని పేరు. స్క్రూడ్రైవరు కొన ఇంజినుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. లోపల ఏ ముక్క అరిగిందో విప్పకుండా చెప్పేవాడు. ఇంట్లోనూ అదే చెవి. పెళ్లాం పెరట్లో పక్కింటామెతో గుసగుసగా అన్నమాటను ముందుగదిలో కూర్చుని పట్టేవాడు. పట్టాక అరిచేవాడు కాదు. లేచి వెళ్లి తలుపు గడియ పెట్టేవాడు. అంతే. ఆ గడియ చప్పుడు తర్వాత ఏం జరిగేదో ఆమె చెయ్యి చూస్తే తెలుస్తుంది. మోచేతి దగ్గర ఎముక వంకరగా అతుక్కుంది. ఆఖరిసారి పాప అడ్డం వచ్చింది. మర్నాడు అతను పనికి పోగానే ఆమె ఫోను మురిక్కాలువలో పడేసి, పాపను చంకనేసుకుని అన్న దగ్గరకు వచ్చేసింది.

పోలీసుల దగ్గరకూ వెళ్లారు. "మొగుణ్ని పిలిపిస్తాం, ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడతాం" అన్నారు. పిలిపిస్తాం అన్న మాట చెవిన పడగానే ఆమె కుర్చీలోంచి లేచి బయటికి నడిచింది. మాస్టారు ఆమె వెనకాల పరిగెత్తాల్సి వచ్చింది.

తన ఇంట్లో ఉంచుకుంటే మొదట వెతికేది అక్కడే. అందుకని మాస్టారు ఆమెను కాలేజీ ఆడపిల్లల హాస్టలు వంటింట్లో పనికి పెట్టించాడు. వార్డెనమ్మ ముఖం గంటు పెట్టుకుని ఉండే మనిషి, కానీ ఆ ముఖం వెనక మెత్తన. ఏమీ అడగలేదు. వంటింటి పైన సరుకుల గది పక్కన చిన్న గది చూపించి తాళంచెవి చేతిలో పెట్టింది.

అనుకున్నట్టే బావ వచ్చాడు. తిన్నగా మాస్టారి ఇంటికే వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, బుద్ధిగా లోపలికొచ్చి కూర్చున్నాడు.

"మీ చెల్లెలు వచ్చిందా బావా?"

"లేదే. ఇక్కడికి రాలేదు."

"వస్తే చెప్పు. నేనేమీ అనను. పాప మీద బెంగగా ఉంది."

ఇల్లంతా వెతుకుతాడనుకున్నాడు మాస్టారు. వెతకలేదు. కూర్చున్నచోటే కూర్చుని తల కాస్త పక్కకు వంచి ఉండిపోయాడు. ఇల్లు వింటున్నాడని మాస్టారికి తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం భయంతో నోరు ఊరుకోలేదు. భయమేస్తే ఆయనకు మాటలు ఎక్కువవుతాయి. ఏం మాట్లాడాలో తెలియక రేడియో సంగతి ఎత్తాడు. ఎత్తినవాడు ఊరుకోకుండా బావ ఫోను అందుకుని పేజీ తెరిచి చూపించాడు. "ఎక్కడున్నా వినొచ్చు బావా, అక్కడ షెడ్డులో పని చేసుకుంటూ కూడా" అన్నాడు. బావ ఫోను తీసుకుని చూశాడు. "వింటాను బావా" అని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ తర్వాత అన్నాచెల్లెళ్లు ఎక్కడ కలుసుకోవాలి? ఇంట్లో వద్దు. హాస్టల్లో మగవాళ్లు రాకూడదు. మైదానంలో నిలబడి మాట్లాడుకుంటే పదిమంది కళ్లు. ఆలోచించగా ఆలోచించగా మాస్టారికి తన గదే కనపడింది. పిల్లలు వెళ్లిపోయాక అటు ఎవరూ రారు. తలుపు మూస్తే చీమకు కూడా వినపడదు. అంతకన్నా భద్రమైన చోటు ఎక్కడుంది?

రోజూ మధ్యాహ్నం వంటింటి పని తెమిలాక ఆమె పాపను తీసుకుని వెనకదారిన వచ్చేది. పాప బల్ల కింద కూర్చుని బొమ్మలు గీసుకునేది. వీళ్లు మాట్లాడుకునేవాళ్లు. పాపకు దగ్గు పట్టుకుందని, మందు మార్చారని, సోమవారం పాపను వెనకవీధి చిన్నబడిలో చేర్పిద్దామని, పొద్దున్నే గంట కొట్టేముందు దిగబెట్టొచ్చని. మీట వేలి మందాన లేచే ఉండేది. ఆ సంగతి మాస్టారికి తెలియక కాదు. ఇంట్లో గడియారం కొట్టుకోవడం ఇంట్లోవాళ్లకు వినపడనట్టే, ఆయనకు ఆ మీట కనపడడం మానేసింది. ఒకవేళ కనపడినా, అంత సన్నటి మీటలో ఫ్యాను తప్ప ఏం పోతుందిలే అనుకునేవాడు.

ఒకరోజు పేజీ అడుగున మొట్టమొదటిసారి ఒక మాట కనపడింది. "ఫ్యాను బుష్షు అరిగింది. నూనె వేయించండి" అని ఉంది. రాసినవాడు పేరు పెట్టుకోలేదు.

వార్తల అమ్మాయి ఎగిరి గంతేసింది. "మాస్టారూ! మన ఒక్కడికి నోరొచ్చింది!"

గదంతా నవ్వులు. మాస్టారూ నవ్వాడు. అంత శ్రద్ధగా వింటున్నందుకు పొంగిపోయి, ఆ రోజే మనిషిని పిలిచి ఫ్యానుకి నూనె వేయించాడు. కిర్రుమనే చప్పుడు పోయి మెత్తగా తిరగడం మొదలెట్టింది. "శ్రోతల కోరిక తీర్చాం" అని మర్నాడు వార్తల చివర అమ్మాయి చేత చదివించాడు కూడా.

ఆ వారం చివరన, పిల్లలు వెళ్లిపోయాక, మాస్టారు ఒక్కడే కూర్చుని సోమవారం వార్తల కాగితాలు సర్దుకుంటున్నాడు. అమ్ములు ఇంకా రాలేదు. పేజీ అడుగున ఇంకో మాట వచ్చింది.

"పాప దగ్గు తగ్గిందా?"

మాస్టారు ఆ మాటను చదివాడు. మళ్లీ చదివాడు. తల ఎత్తి మీటల పెట్టె వైపు చూశాడు. మైకు మీట వేలి మందాన లేచి ఉంది. ఎన్నాళ్లకో ఇవాళ కనపడింది. మీట కిందికి లాగేద్దామని చెయ్యి పోనిచ్చి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. లాగితే వాడికి తెలిసిపోతుంది, తనకు తెలిసిందని. కుర్చీ చప్పుడు కాకుండా లేచాడు. ఊపిరి బిగబట్టుకుని తలుపు దాకా నడిచాడు. తన గదిలో తనే దొంగలా నడిచాడు.

అప్పుడే అమ్ములు మెట్ల దగ్గరకు వస్తోంది. "అన్నయ్యా" అనబోయింది. మాస్టారు ఆమె నోరు మూసి, వెనక అంట్లు తోమే తొట్ల దగ్గరకు లాక్కుపోయాడు. కుళాయి పూర్తిగా తిప్పాడు. నీళ్లు ధబధబా పడుతుంటే చెవిలో చెప్పాడు.

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. గోడకు చేరగిలబడి నీళ్ల వైపే చూస్తూ నిలబడింది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదంటావు?" అన్నాడు మాస్టారు.

"తొందరపడడు అన్నయ్యా. ఇంజిను పూర్తిగా విన్నాకే విప్పుతాడు."

"అయితే ఇప్పుడు..."

"సోమవారం చిన్నబడి అన్నాం కదా. గంట కొట్టేముందు అన్నాం. అక్కడ నిలబడతాడు. కాలేజీలోకి రాడు, ఇక్కడ జనం ఎక్కువ." కొంగు దోపుకుని, "నా కర్మ, రేడియోవాడికి చెల్లెలిగా పుట్టాను" అంది. ఆ మాటకు ఇద్దరికీ ఎక్కడలేని నవ్వొచ్చింది. నవ్వు ఆగాక మాస్టారు కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

"నావల్లే అమ్ములూ. నా నోరు..."

"ఇప్పుడు నోటి సంగతి కాదు. నన్ను పోనీ. ఎక్కడికన్నది నీక్కూడా చెప్పను. తెలిస్తే నువ్వు ఎక్కడో ఒకచోట వాగుతావు."

"చెప్పకు" అన్నాడు మాస్టారు. "నాకు చెప్పొద్దు. వార్డెనమ్మకూ చెప్పొద్దు. కానీ నువ్వు ఉన్నట్టుండి పలకడం మానేస్తే వాడు ఆ రోజే బయల్దేరతాడు. నువ్వు దూరం పోయేదాకా వాణ్ని అక్కడే కూర్చోబెట్టాలి."

కుళాయి పక్కన నిలబడే ఉపాయం ఆలోచించారు. మాస్టారికి వచ్చిన విద్య ఒకటే. గొంతులు పట్టడం, కత్తిరించడం, అతకడం. మర్నాడు సెలవు. లైను తెగకుండా ముందురోజు వార్తలే మళ్లీ మళ్లీ తిరిగేట్టు కంప్యూటరుకి చెప్పి, మైకు మీట పూర్తిగా కిందికి లాగి, ఆ గదిలోనే చెల్లెలి గొంతు పట్టాడు. ఆమె ఆ కుర్చీలోనే కూర్చుంది. "ఆఁ అన్నయ్యా", "ఏమో, చూద్దాం", "ఇవాళ చాలా పనయింది", "పాప నిద్రపోతోంది", "ఇప్పుడే వద్దులే బడి, దగ్గు తగ్గనీ", "నడుం నొప్పి" - ఇలా నోటికొచ్చినవన్నీ అంది. నిట్టూర్చింది. కుర్చీ జరిపింది. పాపను దగ్గమంటే పాప సిగ్గుపడి నవ్వింది. ఆ నవ్వునూ పట్టాడు. కాసేపటికి నిజంగానే దగ్గొచ్చింది.

"నువ్వు లైనులోకి రాకు" అన్నాడు మాస్టారు చివరన. "నా గొంతు వినాలనిపించినా రాకు. నువ్వొస్తే అంకె రెండవుతుంది. అది వాడికీ కనపడుతుంది."

"రాను."

పాప మామయ్య మెడ పట్టుకుని వదల్లేదు. వార్డెనమ్మ వచ్చి వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. హాస్టలుకి సరుకులు తెచ్చే వ్యానులో, ఖాళీ గోనెసంచుల మధ్య కూర్చుని వాళ్లు వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం నుంచే మాస్టారు రోజూ ఖాళీ కుర్చీతో మాట్లాడేవాడు. తలుపు తీసి మూసేవాడు. "రా అమ్ములూ, కూర్చో" అనేవాడు. కంప్యూటరులో ఒక మీట నొక్కేవాడు. "ఆఁ అన్నయ్యా" అనేది గది.

"పాపకు ఎలా ఉంది?"

"పాప నిద్రపోతోంది."

"సోమవారం బడిలో వేద్దామా మరి?"

"ఇప్పుడే వద్దులే బడి, దగ్గు తగ్గనీ."

సోమవారం పొద్దున మాస్టారు చిన్నబడి వైపు పోయి, మందుల దుకాణం అరుగు మీద నిలబడి చూశాడు. బావ లేడు. ఆయన గుండె కాస్త కుదుటపడింది. మధ్యాహ్నం స్టూడియోలో అంకె చూశాడు. ఒకటి. వాడు వింటున్నాడు, వింటున్నంతసేపూ షెడ్డులోనే ఉన్నాడు. వాడు అక్కడ ఉన్నంతసేపూ అమ్ములు ఇంకాస్త దూరం పోతుంది. అంతే లెక్క.

ఆ అంకెను చూస్తే ఇదివరకు మురిసిపోయేవాడు, ఇప్పుడు ఒళ్లు గగుర్పొడిచేది. అయినా అది అక్కడే ఉండాలని కోరుకునేవాడు. అన్నం తింటూ కోరుకునేవాడు, పాఠం చెబుతూ కోరుకునేవాడు. వార్తల అమ్మాయి ఒకసారి మరిచిపోయిన పుస్తకం కోసం తిరిగొచ్చి, తలుపు తీసి, ఆయన ఖాళీ కుర్చీకి టీ గ్లాసు జరపడం చూసింది. ఏమీ అనకుండా తలుపు మూసేసింది. మర్నాటికి కాలేజీ అంతా మాస్టారికి ముదిరిందన్నారు. అననీ అనుకున్నాడు.

చెల్లెలి మాటలు కొన్నే ఉన్నాయి. వాటిని ముందువెనకలు చేసి, ముక్కలు చేసి, నిట్టూర్పులు మధ్యలో పెట్టి నెట్టుకొచ్చాడు. నెమ్మదిగా ఆయనకు ఆ ఆట చేతికొచ్చింది. చేతికొచ్చేసరికి జాగ్రత్త తగ్గింది.

ఒకరోజు గాలివాన కొట్టి కరెంటు పోయింది. మైకూ కంప్యూటరూ బ్యాటరీ మీద నడుస్తూనే ఉన్నాయి. ఫ్యాను ఆగిపోయింది. లైను తెగకుండా మాస్టారు కాగితాలు కదుపుతూ, కాళ్లు నేలకేసి రాస్తూ, చెమటలు కక్కుతూ వేళకు తన పని తాను మొదలెట్టాడు.

"రా అమ్ములూ. ఉక్కపోతగా ఉంది కదా?"

"ఇవాళ చాలా పనయింది."

"కూర్చో, కూర్చో. పాప ఏం చేస్తోంది?"

"పాప నిద్రపోతోంది."

కాసేపటికి పేజీ అడుగున మాట వచ్చింది. 

"నీ దగ్గర ఫ్యాను ఆగిపోయింది బావా. ఆమె మాట్లాడినప్పుడు మాత్రం ఎలా తిరుగుతోంది?"

మాస్టారి చెయ్యి మీట మీదే ఉండిపోయింది. గొంతు పట్టిన రోజు ఫ్యాను కట్టేయాలని తట్టలేదు. ఎప్పుడూ తిరిగే ఫ్యానును ఎవరు పట్టించుకుంటారు? చెల్లెలి ప్రతి మాట వెనకా ఆ మెత్తటి చప్పుడు అతుక్కుని ఉంది. ఆమె నోరు తెరిచినప్పుడల్లా ఆగిన ఫ్యాను తిరిగింది, నోరు మూయగానే ఆగింది.

ఇంకో మాట వచ్చింది. "ఎన్నాళ్లయింది బావా ఆమె వెళ్లి?"

చూస్తుండగానే ఒకటి పోయి సున్నా వచ్చింది. ఆ ఒక్కడు వచ్చిన తర్వాత మధ్యాహ్నం పూట సున్నా రావడం అదే మొదలు. ఆ సున్నాను చూస్తే ఇల్లు విడిచి ఎవరో బయల్దేరినట్టే ఉంది.

ఆయన హాస్టలు వైపు పరిగెత్తాడు. రెండు రోజులు వార్డెనమ్మా ఆయనా గేటు దగ్గర కాపలా కాసినట్టే ఉన్నారు. బావ రాలేదు. మూడోరోజు సరుకుల వ్యాను వచ్చింది. డ్రైవరు బస్తాలు దించుతూ మహా హుషారుగా ఉన్నాడు.

"బండి చూశారా అమ్మా, పూలరథంలా పోతోంది" అన్నాడు వార్డెనమ్మతో. "నిన్న మార్కెట్టు దగ్గర ఒకాయన తగిలాడు. బండి చప్పుడు వినే చెప్పేశాడు, ఎక్కడ తేడా ఉందో. అక్కడికక్కడే బిగించేశాడు. ఒక్క పైసా ముట్టలేదు."

వార్డెనమ్మ చేతిలోని పళ్లెం కింద పెట్టింది. "ఏమైనా అడిగాడా?"

"ఊరికే పిచ్చాపాటీ. హాస్టలు బండేగా ఇది, ఆడమనిషినీ చిన్నపిల్లనీ ఎప్పుడైనా ఎక్కించుకున్నావా అన్నాడు. వాళ్ల బంధువులట పాపం, జాడ తెలియక తిరుగుతున్నాడు. నేనే చెప్పాను, నాలుగు రోడ్ల కూడలిలో దింపాను, వాళ్లు పడమటి బస్సు ఎక్కారు అని." ఎదుటివాళ్ల ముఖాలు చూసి ఆగాడు. "ఏం? చెప్పకూడదా?"

మాస్టారు స్టూడియో వైపు నడక మొదలెట్టాడు. 

పడమటి బస్సు అంటే దారి తెలిసినట్టే. ఆ బస్సు ఆగే ఊళ్లు ఎన్నో ఉండవు. ఒక్కో ఊళ్లో దిగి, టీ కొట్టు దగ్గర కూర్చుని, తల పక్కకు వంచి వింటాడు. దగ్గే పాప ఉన్న ఇల్లు వినడానికి వాడికి ఎంతసేపు పడుతుంది? చెల్లెలికి ఈ సంగతి చెప్పాలి. ఎక్కడుందని చెప్పాలి? తనే వద్దన్నాడు. ఆమె దగ్గర ఫోను లేదు. ఈ భూమ్మీద ఆమె ఎక్కడుందో తెలిసినవాళ్లు ఎవరూ లేరు. అలా ఉండేట్టు చేసింది తనే.

మాస్టారు స్టూడియోకి వచ్చి తలుపు మూసుకున్నాడు. పిల్లలు వెళ్లిపోయారు. అంకె సున్నా. మైకు మీట పూర్తిగా పైకి తోశాడు. తోసి ఏం మాట్లాడాలో తెలియక కూర్చున్నాడు. ఎవరూ లేని లైనులో అరిచి ఏం లాభం? 

సున్నా పోయి ఒకటి వచ్చింది.

మాస్టారు కుర్చీలో నిటారుగా అయిపోయాడు. అమ్ములా? రానని మాట ఇచ్చింది. కానీ ఆడమనిషి, ఒంటరిగా, కొత్తచోట. ఎవరి ఫోనో అడిగి తీసుకుని అన్న గొంతు కోసం ఒక్కసారి వచ్చి ఉండొచ్చు. లేకపోతే వాడు. దారి మధ్యలో ఎక్కడో ఆగి, బావ ఇంకేమైనా జారవిడుస్తాడేమోనని వచ్చి ఉండొచ్చు. అంకెకు ముఖం ఉండదు. ఒకటి అంటే ఒకటే.

అమ్ములూ అని పిలిస్తే, విన్నది వాడైతే, తనకు ఆమె జాడ తెలియదని, ఇలా పిలిచి వెతుక్కోవాల్సి వచ్చిందని తేలిపోతుంది. ఊరుకుంటే, విన్నది ఆమె అయితే, ఇంకోసారి రాకపోవచ్చు. జీవితమంతా మాట్లాడినవాడు. ఒక్క మాట దొరకలేదు.

చివరికి మైకు దగ్గరకు వంగాడు. వార్తలు చదివే గొంతుతోనే మొదలుపెట్టాడు.

"బావా. నువ్వేనని తెలుసు. నీతోనే మాట్లాడుతున్నాను. నువ్వు షెడ్డులో లేవు. మార్కెట్టు దగ్గర సరుకుల వ్యాను బాగు చేశావు. డ్రైవరు నీకు నాలుగు రోడ్ల కూడలి చెప్పాడు. పడమటి బస్సు అని చెప్పాడు. ఇవన్నీ నీకు తెలిసినవే, కొత్తగా నేను చెప్పేదేం లేదు. నువ్వు ఆ దారిన బయల్దేరావని మాకు తెలిసింది. నువ్వు బస్సు ఆగిన ప్రతిచోటా దిగుతావని తెలిసింది. తెలిసినవాళ్లెవరూ ఇక ఆ దారిలో ఉండరు. ఇవాళే, ఇప్పుడే కదిలిపోతారు. అది నీకు చెప్పడానికే కూర్చున్నాను."

విన్నది వాడైతే వాడికి తెలియనిది ఏమీ చెప్పలేదు. విన్నది ఆమె అయితే చెప్పాల్సిందంతా చెప్పాడు. గొంతు వణక్కుండా చెప్పాడు. చొక్కా మాత్రం వీపుకు అంటుకుపోయింది.

అంకె ఒకటిగానే ఉంది. మాస్టారు దానికేసి చూస్తూ కూర్చున్నాడు. నెత్తిన ఫ్యాను మెత్తగా తిరుగుతోంది. పేజీ అడుగున ఎవరైనా ఏమైనా రాస్తారేమోనని చూశాడు. ఎవరూ రాయలేదు. 

ఒకటి పోయి సున్నా వచ్చింది.

ఎవరో ఫోను పక్కన పెట్టి లేచారు. పాపను ఎత్తుకుని, చేతికందింది మూటకట్టుకుని, పడమటి దారి విడిచి ఇంకోవైపు తిరిగారో. లేక బండి స్టార్టు చేసి అటే పోనిచ్చారో. చెప్పేవాళ్లు లేరు. 

మాస్టారు కాసిని నీళ్లు తాగాడు. ఆలస్యంగా వచ్చేవాళ్లు ఉంటారు, మొదట విననివాళ్లు ఉంటారు. కుర్చీ ముందుకు జరుపుకుని, మైకు దగ్గరకు వంగి, అదే గొంతుతో మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.

"బావా. నువ్వేనని తెలుసు..."